మధ్యలో హైడ్రోజన్

మేనల్లుడికి ఈ రోజు రసాయన శాస్త్రం పరీక్ష. నిన్న రాత్రి అణువుల నిర్మాణ ఫార్ములాలు గీయడం రావడం లేదని దిగులుగా కూర్చున్నాడు. నీళ్లతో మొదలుపెడదాం, అది నేను నిద్రలో కూడా గీస్తానన్నాను. నిద్రలోనే గీసి ఉంటాను. హెచ్, పక్కన గీత, మళ్లీ హెచ్, మళ్లీ గీత, చివర ఓ. ఫార్ములాలో ఉన్న వరుసే కదా!

వాడు చాలా మర్యాదగా అడిగాడు: "మామయ్యా, హైడ్రోజన్ సంయోజకత ఎంత? అదే, ఎన్ని బంధాలు పెట్టుకోగలదు?"

"ఒకటి" అన్నాను గర్వంగా.

వాడు మధ్య హైడ్రోజన్‌కు అటూ ఇటూ ఉన్న గీతల మీద వేలు పెట్టి, "ఒకటి... రెండు" అని లెక్కపెట్టాడు.

అప్పుడు చూశాను దాని అవస్థ. పాపం, దానికున్నది ఒకే ఎలక్ట్రాన్, అంటే ఒకే చేయి. ఆ చేతిని ఎడమవైపు హైడ్రోజన్ పట్టేసుకుంది. ఇక కుడివైపు ఆక్సిజన్ ఏం పట్టుకుని వేలాడుతోంది? చొక్కా అయి ఉండాలి. రెండు చేతులున్న ఆ ఆక్సిజన్, ఒక చేత్తో చొక్కా పట్టుకుని రెండో చేతిని వెళ్లిపోతున్న బస్సును ఆపుతున్నట్టు గాలిలో చాచింది. 1916లో రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ బంధమంటే ఇద్దరూ పంచుకునే ఎలక్ట్రాన్ల జంట అని చెప్పాడే గాని, చొక్కాల సంగతి ఎత్తలేదు.

"వదిలెయ్‌రా, మీ మామయ్య కొత్త నీళ్లు కనిపెట్టాడు" అన్నారు బావగారు, పేపరు దించకుండానే.

ఆక్సిజన్‌ను మధ్యకు తెచ్చి మళ్లీ గీశాను. తిన్నగా గీశానట, రెండు గీతల మధ్య 104.5 డిగ్రీల కోణం వచ్చేలా వంచాలట. వంచాను.

అసలు తప్పు ఆ ఫార్ములాలు రాసినవాళ్లది! నైట్రిక్ ఆమ్లం ఫార్ములాలో (HNO₃) హైడ్రోజన్ నైట్రోజన్ పక్కన కూర్చుంటుంది, బొమ్మలో మాత్రం ఆక్సిజన్ చేయి పట్టుకుంటుంది. ఎవరి పక్కన ఎవరో చెప్పనప్పుడు వరుసగా రాయడం ఎందుకు?

పన్నెండు దాకా పుస్తకం తిరగేసి ఒక సాక్షిని పట్టాను. నైట్రస్ ఆక్సైడ్. రెండు నైట్రోజన్లు, ఒక ఆక్సిజన్. రాసిన వరుసలోనే ఉంటాయి, మధ్యలో నైట్రోజనే. పొద్దున్నే బావగారి ముందు పుస్తకం తెరిచి పెట్టాను.

ఆయన కళ్లజోడు సవరించుకుని, "దీనికి మామూలు పేరేదో ఉండాలే?" అన్నారు.

లాఫింగ్ గ్యాస్ అని నా నోటితోనే చెప్పించారు.