సిల్ట్ కర్టెన్ గారికి, గోదావరి మొగ నుంచి

నీళ్లలో బురదని ఆపే తెర, మహారాజశ్రీ సిల్ట్ కర్టెన్ గారికి నమస్కారాలు.

నీళ్ల శాంపిల్ తీస్తున్నారు, మీరూ రండి అంటే నిన్న పదకొండింటికే రేవుకి వచ్చాను. తమరు గట్టు మీద పవళించి ఉన్నారు. ఫ్లోట్ల మీద కాకులు, ఒంటి మీద వరసగా ఎండబెట్టిన సావిళ్ల చేపలు. పక్కనే డ్రెడ్జర్ గడగడమంటూ పూడిక తోడుతోంది.

పైన ఫ్లోట్లు, అడుగున గొలుసు, మధ్యలో జియోటెక్స్‌టైల్ గుడ్డ. లేచిన ఒండ్రుని ఏట్లోకి పోనివ్వకుండా ఆపడం తమ ఉద్యోగం. పోటు గట్టిగా లాగితే తమ చెంగు లేచిపోయి బురద కిందనుంచి జారుకుంటుంది. పోనీండి, అది తమ తప్పు కాదు. 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌ ప్రకారం తవ్వకానికి అనుమతి కావాలి, మొదటి అనుమతిలో కలిసిన 'నిర్వహణ' పూడికతీతకి మళ్లీ అక్కర్లేదు. మా దగ్గర ఎప్పుడూ నిర్వహణేనండి. అదీ వదిలేద్దాం.

ఆ శాంపిల్ సీసానే వదల్లేకపోతున్నాను.

రెండున్నరకి శాంపిల్ తీసేవాళ్ల జీపు వచ్చింది. వెంటనే డ్రెడ్జర్ ఆగింది. "భోజనాల టైమండీ" అన్నారు. పన్నెండున్నరకే తిన్నారు, నేను చూశాను, చేపల పులుసు. సావిళ్లు ఎత్తేసి తమరిని ఈడ్చుకెళ్లి నీళ్లలో పరిచారు. అరగంట అయ్యాక, డ్రెడ్జర్‌కి ఎగువన, పాటు వేళ సీసా ముంచారు. పాటుకి నీరంతా సముద్రం వైపు పోతుంటే ఎగువన బురదెందుకుంటుంది? కుర్రాడు సీసాని ఎండకి పట్టి, "చూడండి సార్, అద్దంలా ఉంది" అన్నాడు. అద్దంలానే ఉంది. ఫొటోలో తమరు కూడా పడ్డారు.

మూడున్నరకి జీపు కదిలింది. డ్రెడ్జర్ మొదలైంది. తమరు మళ్లీ గట్టెక్కారు.

మేం ఎక్కలేదు. రాత్రి పోటుకి ఆ బురదంతా మా రొయ్యల చెరువు తూము దాకా వచ్చింది. చీకట్లో తెలియక చెరువులోకి నీళ్లు తోడే మోటారు వేశాను. ఏళ్లుగా అడుగున కుళ్లిన ఒండ్రు అది, పైకి లేస్తే నీళ్లలో ఆక్సిజన్ తినేస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లన్నీ తిరుగుతున్నా రొయ్య పైకి తేలిపోయింది.

ఇక మర్యాద నావల్ల కాదు. నువ్వు ఉండాల్సింది నీళ్లలో! ఆ సీసా అదే చోట ముంచమను, పోటు వేళ, డ్రెడ్జర్ తిరుగుతుండగా. అప్పుడు ఎండకి పట్టి చూపించమను, అద్దమో కాదో.

పొద్దున్న సావిళ్లావిడ జాలిపడి అరకిలో చేతిలో పెట్టింది. నీ మీద ఎండినవే. ఒక్క ఇసుక రేణువు తగల్లేదు.

ఇట్లు,
మోటారు ఆపేసి తూము మీద కూర్చున్నవాడు