నైసియా పదిహేనో నిబంధన గారికి, శివాజీనగర్ నుంచి

అయ్యా,

బదిలీ ఆర్డరు జేబులో పెట్టుకుని రాస్తున్నాను. బ్యాంకు ఉద్యోగిని. కర్నూలు, చెన్నై అయ్యాయి, బెంగళూరులో ఇప్పుడిప్పుడే పాలవాడు కుదిరాడు.

క్రీ.శ. 325లో నైసియా ఊళ్లో జరిగిన బిషప్పుల మహాసభలో మీతో పాటు పుట్టిన విశ్వాస ప్రమాణాన్ని మా కతోలికులం ఇప్పటికీ పూజలో నిలబడి చెబుతాం. మిమ్మల్ని మాత్రం ఎవరూ తలుచుకోరు. మీరన్నది చిన్న మాటే: బిషప్ గానీ, గురువు (అంటే ఫాదర్) గానీ, ఆయన కింది మెట్టు డీకన్ గానీ ఊరు మారకూడదు, మారితే చెల్లదు, వెనక్కి పంపాలి. బిషప్ వేలికి ఉంగరం ఉంటుంది కదా, పీఠంతో, అంటే తన కింద ఉండే చర్చి ప్రాంతంతో, పెళ్లయినట్టు లెక్క. మరి మా బెంగళూరు అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) 2018లో బెళగావి నుంచి వచ్చారు. అంతకుముందాయన 2004లో వచ్చిందీ బెళగావి నుంచే. పాపం బెళగావి! ఆడపిల్లల తండ్రిలా సాగనంపడమే దాని పని.

మా అమ్మది కర్నూలు పీఠం. అక్కడి బిషప్ పూల అంతోని గారు 2020లో హైదరాబాద్ అగ్రపీఠానికి నియమితులయ్యారు. 2022లో కార్డినల్ (పోపు తర్వాతి హోదా) అయ్యారు, తెలుగువాళ్లలో మొదటివారు. అమ్మ వీధంతా మైసూర్‌పాకు పంచింది. అయితే పూజలో పోపుగారి పేరు, ఆ వెంటనే బిషప్ గారి పేరు చదివే చోటు ఒకటుంది. పీఠం ఖాళీగా ఉన్నన్నాళ్లూ ఆ రెండో పేరు చదవరు. అక్కడికొచ్చేసరికి ఫాదర్ అలవాటుగా నోరు తెరిచి, ఆగి, గుటక మింగి తర్వాతి మాట అందుకునేవారట. కొత్త బిషప్ వచ్చేదాకా, అంటే మూడేళ్ల పైనే, అమ్మ ఆ గుటక విన్నది. బదిలీ అయిన బిషప్ రెండు నెలల్లో కొత్త చోట చేరాలని ఇప్పటి చర్చి చట్టంలో ఉంది. పాత చోటుకి ఇంకొకరిని ఎప్పటిలోగా పంపాలో లేదు.

మిమ్మల్ని మనసారా పట్టించుకున్నదీ ఉందండోయ్. రోము దగ్గరి పోర్తో బిషప్ ఫోర్మోసుస్ 891లో పోపు (అంటే రోము బిషప్) అయ్యారు. ఆయన పోయాక, 897లో, శవాన్ని తవ్వి తీసి, పోపు దుస్తులు తొడిగి, కుర్చీలో కూర్చోబెట్టి, పీఠం ఎందుకు మారావని విచారణ పెట్టారు. (మా తెలుగు కతోలికులకి విచారణంటే ఫాదర్ గారి పరిధి. అది మాత్రం అసలు విచారణే.) శవం తరఫున జవాబు చెప్పడానికి ఒక డీకన్ని నిలబెట్టారు. చివరికి కుడిచేతి మూడు వేళ్లు నరికి, శవాన్ని టైబర్ నదిలో పడేశారు. మా ఆడిట్‌వాళ్లు కూడా రిటైరయ్యేదాకానే వెంటపడతారు.

నిన్న మా మేనేజర్ దగ్గర మీ పేరెత్తాను. సర్క్యులర్ నంబరు, తేదీ అడిగారు.

"నంబరు పదిహేను, సంవత్సరం 325."

"పాతదయ్యా. ఈపాటికి రద్దయిపోయుంటుంది."

అయ్యారా? ఒక్క ముక్క రాసి పంపండి. నెలాఖరుకి రిలీవ్ అవ్వాలి.

ఇట్లు,
మీ పేరు ఇంకా గుర్తున్న ఒక కస్టమర్