సన్నిహిత వర్గాలవారికి ఒక అభిమాని లేఖ

మహారాజశ్రీ సన్నిహిత వర్గాలవారికి,

అయ్యా అనాలో అమ్మా అనాలో తెలియదు కాబట్టి రెండూ అనుకోండి. ‘సన్నిహిత వర్గాల సమాచారం’ అంటూ సినిమా గాలివార్తల్లో ఇన్నేళ్లుగా మీ మాట వింటున్నాం గాని మీ ముఖం చూసినవారు లేరు. మీకు పేరు లేదు, ఊరు లేదు, ఆధార్ కార్డు అంతకన్నా లేదు. అయినా ఫలానా కథానాయిక రాత్రి ఎవరితో భోజనం చేసిందో, భర్తతో ఎన్నాళ్లుగా మాటలు లేవో, అత్తగారు ఏమని దెప్పిందో మీకు తెలుసు. ఆ ఇంటి వంటమనిషికి కూడా అంత తెలియదు. నా సందేహం ఒకటే. ఆ కాపురంలో మీరు ఉండేది ఎక్కడ? మంచం కిందా, అటక మీదా?

తప్పులు ఎంచే ముందు మీ పనితనాన్ని మెచ్చుకోవాలి. మొన్న మీ పేరు చెప్పి చేసిన వీడియో ఒకటి చూశాను. పైబొమ్మలో నటి భోరున ఏడుస్తోంది. ఆ ఏడుపు ఒక సినిమాలో అన్న శవం ముందు ఏడ్చినది, నేను ఆ సినిమా డబ్బులిచ్చి చూశాను. పక్కన ఒక దర్శకుడు నవ్వుతున్నాడు, అది ఎవరి పెళ్లిలోనో తీసిన ఫోటో. ఇద్దరి మధ్య ఎర్రటి బాణం, కింద పసుపు అక్షరాల్లో ‘గుట్టు రట్టు..?’ అని. ఆ రెండు చుక్కలూ ఆ ప్రశ్న గుర్తూ మీ తరఫు వకీళ్లని నాకు తెలుసు. లోపలికి వెళ్తే మొదట ఆమె పుట్టుపూర్వోత్తరాలు, తర్వాత ఆమె చేసిన సినిమాల పట్టిక, ఆ తర్వాత ‘ఇక అసలు విషయానికి వస్తే’ అనే మాట మూడుసార్లు. అసలు విషయం మాత్రం రాదు. యూట్యూబ్‌లో వీడియో ఎనిమిది నిమిషాలు దాటితే మధ్యలో ప్రకటనలు వేసుకోవచ్చు గనుక, ఎనిమిదో నిమిషం దాటగానే ‘ఇందులో నిజమెంతో తెలియాలంటే వేచి చూడాల్సిందే’ అని మంగళం పాడారు. నేను వేచి చూశాను. మళ్లీ వారం అదే నటికి వేరే దర్శకుడితో ముడిపెట్టారు.

మీ వంశం నిన్న మొన్నటిది కాదు. తెలుగు సినిమా, తమిళ సినిమా ఒకే మద్రాసులో పక్కపక్కన బతికిన రోజుల్లో లక్ష్మీకాంతన్ అనే మీ పూర్వీకుడు ‘సినిమా తూదు’ అని ఒక పత్రిక నడిపాడు. తారల పడకగది కబుర్లే అందులో సరుకు. ఆ పత్రిక మూతపడితే ‘హిందూ నేశన్’ పేరుతో మళ్లీ మొదలుపెట్టాడు. 1944 నవంబరులో మద్రాసు వేపేరిలో ఆయనను ఎవరో కత్తితో పొడిచారు, మర్నాడు చనిపోయాడు. ఆ కేసులో తమిళ కథానాయకుడు త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్ జైలుకు వెళ్లారు. అవతల భాగవతార్ సినిమా ‘హరిదాస్’ మద్రాసు బ్రాడ్వే థియేటరులో మూడు దీపావళుల పాటు ఆడుతూనే ఉంది, హీరో మాత్రం కటకటాల వెనక ఉన్నాడు. 1947లో ఇద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు గాని భాగవతార్ వెలుగు మళ్లీ రాలేదు. పొడిచింది ఎవరో ఈనాటికీ తేలలేదు. చూశారా, మీ వృత్తిలో చావు కూడా పేరు తెలియనివాళ్ల చేతిలోనే.

ఆ తర్వాత మీరు తెలివి మీరారు. మగవాళ్ల జోలికి వెళ్తే కత్తులు లేస్తాయని గ్రహించి ఆడవాళ్ల దగ్గరే స్థిరపడ్డారు.

మన సావిత్రి సంగతి చూడండి. జెమినీ గణేశన్‌తో ఆమె పెళ్లి 1952లో గుట్టుగా జరిగింది. ఆయనకు అప్పటికే ఇంట్లో భార్య, పిల్లలు ఉన్నారు, నటి పుష్పవల్లితో మరో బంధమూ ఉంది. అన్నీ చేసిన ఆయనకు లోకం ‘కాదల్ మన్నన్’ అని బిరుదు ఇచ్చింది, అంటే ప్రేమకు రారాజు. 1971లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆమెకు వచ్చింది మాత్రం ఉపన్యాసం. ‘అందుకే ఆడది గుడ్డిగా నమ్మకూడదు, అందుకే తాగుడు పనికిరాదు, అందుకే డబ్బు దాచుకోవాలి.’ ‘మాయాబజార్’లో శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె నడిచిన నడక గుర్తుందా? లంగా ఓణీలో ఎస్వీ రంగారావు నడిచి వస్తున్నట్టు ఉంటుంది. అలాంటి నటి 19 నెలలు కోమాలో ఉండి 1981 డిసెంబరు 26న పోయింది. ఆమె గురించి మీ దగ్గర ఇప్పటికీ చలామణిలో ఉన్నది ఆ నడక కాదు, ఆ 19 నెలలు.

ఇక మా కాలానికి వద్దాం. సమంత, నాగచైతన్య 2017 అక్టోబరులో గోవాలో పెళ్లి చేసుకున్నారు. 2021 జులైలో ఆమె సామాజిక మాధ్యమాల్లో ఇంటిపేరు తీసేసినప్పటి నుంచి మీకు కంటిమీద కునుకు లేదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక్కోసారి మీరు నిజంలో పడతారు, అప్పుడూ అలాగే పడ్డారు. అక్టోబరు 2న విడిపోతున్నామని ఇద్దరూ ప్రకటించి, మా మానాన మమ్మల్ని వదిలేయమని అడిగారు. వారం తిరగకుండానే ఆమె మరో ప్రకటన రాసుకోవాల్సి వచ్చింది. తనకు అక్రమ సంబంధాలున్నాయని, పిల్లలు వద్దందని, అవకాశవాది అని, గర్భస్రావాలు చేయించుకుందని పుట్టించిన కథలకు అది జవాబు. చివరికి కూకట్‌పల్లి కోర్టుకు వెళ్లి, యూట్యూబ్ ఛానళ్లు ఆ వీడియోలు తీసేయాలని ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వచ్చింది.

ఆ భరణం కథ మాత్రం మీ ప్రతిభకు మచ్చుతునక. ముందు 250 కోట్లు అడిగిందన్నారు. అది ఎవరూ నమ్మేలా లేదని తోచగానే, పెళ్లికి ముందే ఒప్పందం రాసుకున్నారు కాబట్టి రూపాయి కూడా రాదన్నారు. ఆదాయపు పన్నువాళ్లు వస్తే ఇంట్లో ఏమీ లేదని చూపిద్దామని రోజూ పొద్దున్నే ఎదురు చూశానని ఆమె 2022లో ఒక టీవీ ముచ్చట్లలో నవ్వుతూ చెప్పింది. నాగచైతన్యనైనా వదిలారా అంటే అదీ లేదు. 2024 ఆగస్టులో నటి శోభితతో నిశ్చితార్థం జరిగిందో లేదో, ఒక జ్యోతిష్కుడు వాళ్లు ఎప్పుడు విడిపోతారో ముహూర్తం పెట్టేశాడు. పెళ్లికి ముహూర్తాలు పెట్టడం విన్నాం గాని, విడాకులకు పెట్టడం అప్పుడే విన్నాం. విషయం తెలంగాణ మహిళా కమిషన్ దాకా వెళ్లి, 2025 జనవరిలో ఆ జ్యోతిష్కుడు క్షమాపణ చెప్పుకున్నాడు. ఈ మధ్యలో, విడిపోయి సరిగ్గా మూడేళ్లు నిండిన గాంధీ జయంతి నాడు, తెలంగాణ మంత్రి ఒకరు ఎదుటి పార్టీ నాయకుణ్ణి తిట్టడానికి ఈ విడాకులనే ఆయుధంగా ఎత్తుకున్నారు. మర్నాడు మాట వెనక్కి తీసుకున్నారు, నాంపల్లి కోర్టులో పరువునష్టం కేసు మాత్రం నడిచింది. ఆ తర్వాత నాగచైతన్యా, సమంతా వేరు వేరుగా మళ్లీ పెళ్లిళ్లు చేసుకుని ఎవరి బతుకు వారు బతుకుతున్నారు. మీరొక్కరే ఇంకా ఆ మొదటి పెళ్లిలో ఉండిపోయారు.

మీ సరుకు ఎక్కడ అమ్ముడవుతుందో చెప్తాను వినండి. మా బంధువుల పెళ్లి, మధ్యాహ్నం రెండో బంతి. అరటాకులో గుత్తివంకాయ ఇంకా చల్లారలేదు, మా బాబాయిగారు మొదలుపెట్టారు. “రెండు వందల కోట్లట.” అవతలి ఆకు ముందున్నాయన “కాదు, రెండు వందల యాభై” అన్నారు. కాసేపు వేలం పాట నడిచింది. పాపం ఆ అబ్బాయి బంగారమని, సినిమావాళ్ల కాపురాలే అంతని, కట్టుకున్నదాన్ని కళ్లలో పెట్టుకోవాలి గాని మరీ అంత స్వేచ్ఛ ఇస్తే ఎలాగని తీర్పులు వచ్చాయి. వివాహ ధర్మం మీద బాబాయిగారు చాలా బాగా మాట్లాడారు. ఆయన నెలకోసారి పని మీద రాజమండ్రి వెళ్తారు. ఏం పనో మా ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఆయన ఎదుట గోదావరి పుష్కరాల గురించి కూడా ఎవరూ మాట్లాడరు.

అప్పుడు పిన్నిగారు అందుకున్నారు. “ఎంత పేరుండి ఏం లాభం, సర్దుకుపోవడం తెలియనప్పుడు?” గొంతు ఒక మెట్టు పెంచి మరీ అన్నారు. ఎందుకంటే అదే బంతిలో నాలుగు ఆకుల అవతల మా అన్నయ్య కూతురు కూర్చుని ఉంది. కాపురం వదిలి పుట్టింటికి వచ్చి ఏడాది దాటింది. ఎందుకు వచ్చావని ఆ ఏడాదిలో ఎవరూ దాన్ని అడగలేదు. దాని పేరు ఎత్తలేక అందరూ సమంత పేరు ఎత్తుతున్నారు. ఆ పిల్ల అంతా వింది. వడ్డించే అబ్బాయిని పిలిచి ఇంకో బొబ్బట్టు వేయించుకుంది, దాని మీద నెయ్యి కూడా.

సన్నిహిత వర్గాలూ, మీ ఊరు ఏదో నాకు ఆ బంతిలో తెలిసింది.

అభిమానులతో మీకున్న పొత్తు గురించి కూడా రెండు మాటలు. సమంతకు 2023లో బాపట్ల జిల్లా ఆలపాడులో ఒక అభిమాని తన ఇంటి ఆవరణలోనే గుడి కట్టాడు, అతని ప్రేమను నేను ఏమీ అనను. కానీ దేవతలకు మన దగ్గర ఉన్న షరతు మీకూ నాకూ తెలుసు, విగ్రహం మాట్లాడకూడదు. ఖుష్బూకు తిరుచిరాపల్లిలో గుడి ఉండేది. పెళ్లికి ముందు శృంగారం గురించి 2005లో ఆమె ఒక అభిప్రాయం చెప్పింది. గుడి కూలింది, ఆమె మీద ఇరవైకి పైగా కేసులు పడ్డాయి. వాటిని 2010లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అదే అభిప్రాయాన్ని ఒక హీరో ఆచరణలో పెట్టి ఉంటే మీరు ‘రొమాంటిక్ హీరో’ అని శీర్షిక పెట్టేవారు.

దేవతలు పోయాక కూడా మీరు వదలరు. శ్రీదేవి 2018 ఫిబ్రవరిలో దుబాయిలో పోతే, ఆమె ఎలా మునిగిందో చూపించడానికి ఒక తెలుగు ఛానల్ విలేఖరి స్వయంగా స్నానపు తొట్టెలో దిగాడు. యాభై ఏళ్లు నటించిన మనిషికి మీరు ఇచ్చిన నివాళి అది. అంతకంటే సన్నిహితంగా ఎవరు వెళ్లగలరు?

ఇంత రాశాక మీకు ఒక పని కూడా అప్పజెప్పాలి. బాబాయిగారు వచ్చే నెల మళ్లీ రాజమండ్రి వెళ్తున్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఆయన పక్క బెర్తు మీ పేరున తీస్తాను. పేరంటూ లేదు గనుక ‘సన్నిహిత వర్గాలు, వయసు 80’ అని రాయిస్తాను. దిగాక ఏ రిక్షా ఎక్కుతారో, ఏ వీధిలోకి తిరుగుతారో చూసి, ఒక్క చుక్క, ఒక్క ప్రశ్న గుర్తు లేకుండా ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి. మీరు రారని తెలుసు. అక్కడ సినిమాతార ఎవరూ లేరు, ఆ వార్త చదివేవారూ ఎవరూ లేరు. పిన్నిగారు మీ ఛానళ్లన్నిటికీ చందాదారే గాని, ఆ ఒక్క వీడియో మాత్రం ఆవిడ చూడరు. ఆవిడ దగ్గర అంతకంటే మంచి సమాచారం ముప్పై ఏళ్లుగా ఉంది.

ఇట్లు,
ఏ నటికీ ఏమాత్రం సన్నిహితుడు కాని ఒక అభిమాని