ఒక్క కప్పు కాఫీకి ఇంత తతంగమా?

అరకు కాఫీ మన విశాఖకు వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే పండుతుంది. అక్కడి అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అంత మంచి గింజకు చికోరీ కలిపి స్టీలు ఫిల్టరులో వేయడం పాపమని ఎవరో చెబితే నమ్మాను, నా ఖర్మ!

ఇప్పుడు వంటింటి గట్టు మీద గాజు గరాటు, పొడిని జల్లెడతో అడుగుకు నొక్కే ఫ్రెంచ్ ప్రెస్, పొయ్యి మీద పెట్టి కాఫీ కాచే మోకా పాట్, బంగారం తూచేంత సున్నితమైన కాటా. 15 గ్రాముల పొడికి 250 గ్రాముల నీళ్లు, అవీ 93 డిగ్రీల వేడిలో. ముందు కాసిన్ని పోసి అర నిమిషం ఆగాలి, పొడిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలట. సరిగ్గా ఆ అర నిమిషంలోనే గ్యాస్ బండ తెచ్చే కుర్రాడు తలుపు కొడతాడు. మోకా పాట్ సంగతి మరీ ఘోరం. అది అల్యూమినియం కాబట్టి మా ఇండక్షన్ పొయ్యి దాన్ని గుర్తించనే గుర్తించదు. కొనేముందు ఎవరైనా చెప్పారా? ఈ సముద్రపు తేమకు పొడి గడ్డకట్టడం అదనం.

ఇంత చేసి అత్తయ్యగారికి కప్పు అందిస్తే, ఓ గుక్క తాగి, "డికాక్షన్ బాగానే దిగిందమ్మా, పాలెప్పుడు పోస్తావు?" అన్నారు.