తెరిచారో లేదో మీకెందుకు?

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే నెల్లూరు, ఒంగోలులో ఇళ్లకు ఇంజినీరింగ్ కాలేజీల మెయిళ్లు మొదలవుతాయి. ఎప్పుడో ఏదో దరఖాస్తులో రాసిన మెయిల్ ఐడీ ఎన్ని చేతులు మారిందో పిల్లలకూ తెలియదు, పెద్దలకూ తెలియదు. సీట్లున్నాయి రమ్మని పిలవడాన్ని మేము తప్పుపట్టం. ప్రకటనలతో నడిచే పత్రిక ఆ మాట అనకూడదు కూడా. మా అభ్యంతరమంతా ఆ మెయిల్లో కంటికి కనిపించకుండా పెట్టే చుక్క మీద.

అది ఒకే ఒక్క పిక్సెల్, అంటే తెర మీద అతి చిన్న చుక్కంత ఉండే పారదర్శకమైన బొమ్మ. ఎవరికి పంపే మెయిల్లో వారికంటూ ఆ బొమ్మకు ప్రత్యేకమైన లింకు ఉంటుంది. మెయిల్ తెరవగానే బొమ్మ కోసం పంపినవారి సర్వర్‌కు కబురు వెళుతుంది. ఎవరు తెరిచారు, ఎన్ని గంటలకు, ఎన్నిసార్లు అన్నది అక్కడ నమోదవుతుంది. కొన్నిసార్లు ఏ ఫోనో, ఏ ఊరో కూడా. రాత్రి పదకొండింటికి ఫీజుల వివరాలు రెండుసార్లు చూసిన ఇంటికి తెల్లారేసరికి టెలీకాలర్ ఫోన్ చేస్తే అది కాకతాళీయం కాకపోవచ్చు. ఒకప్పుడు రిజిస్టర్డ్ పోస్టు అక్నాలెడ్జ్‌మెంట్ మీద సంతకం పెట్టేవారికి కనీసం తాము సంతకం పెడుతున్న సంగతి తెలిసేది.

ఎవరూ చదవని మెయిళ్లు ఆపడానికే ఈ లెక్క అంటారు మార్కెటింగ్ వాళ్లు. దానికి మొత్తం ఎంతమంది స్పందించారో తెలిస్తే చాలు, పేరుపేరునా ఆరా ఎందుకు? పైగా ఆ లెక్కా నమ్మదగ్గది కాదు. ఆపిల్ 2021లో తెచ్చిన ఏర్పాటుతో, దాన్ని ఎంచుకున్నవారి మెయిల్లో బొమ్మలు ముందే డౌన్‌లోడ్ అవుతాయి. చదవని మెయిల్ కూడా చదివినట్టే లెక్కకొస్తుంది.

చీమకుర్తి గ్రానైట్ వ్యాపారి బయ్యర్‌కు కొటేషన్ పంపి, చూశాడా లేదా అని ఆరా తీస్తే అది ఇద్దరు వ్యాపారుల గొడవ. అక్కడైనా చెప్పి చేయడం మర్యాద. ఇంటర్ పిల్లల సంగతి వేరు. వారిలో చాలామందికి 18 నిండవు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చేసిన చట్టం, 18 ఏళ్లలోపు వారిని ట్రాక్ చేయడాన్ని, వారికి గురిపెట్టి ప్రకటనలివ్వడాన్ని నిషేధించింది. ఉల్లంఘిస్తే జరిమానా రూ.200 కోట్ల దాకా ఉండొచ్చు. విద్యాసంస్థలకు మినహాయింపు ఉన్నా అది చదువు, పిల్లల భద్రత వరకే. అడ్మిషన్ల ప్రచారం అందులోకి రాదు.

నిబంధనలు 2025 నవంబరులో వచ్చినా, ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల వ్యవధి ఇచ్చారు. కాలేజీలు ఆ గడువు చూసుకుంటూ కూర్చోనక్కర్లేదు. వచ్చే అడ్మిషన్లకే ఆ చుక్క తీసేయాలి. మెయిల్ ఐడీ ఎక్కడి నుంచి వచ్చిందో మెయిల్లోనే రాయాలి. పంపింది ఏజెన్సీ, మాకేం తెలియదంటే కుదరదు. ఏజెన్సీతో చేయించినా బాధ్యత చేయించుకున్నవారిదేనని ఆ చట్టమే చెబుతోంది.