టిఫనీ ధర చీటీ గారికి బహిరంగ లేఖ

న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలోని టిఫనీ నగల షాపులో అద్దాల అరల్లో కొలువుతీరిన ధర చీటీ గారికి,

నమస్కారం. మీ షాపు చరిత్ర చెప్పేవాళ్లంతా వజ్రాల గురించీ, నగ పెట్టి ఇచ్చే ఆ నీలం డబ్బా గురించీ గంటలకొద్దీ చెప్పి, మిమ్మల్ని మాత్రం పట్టించుకోరు. ఇది అన్యాయం. 1837లో చార్లెస్ లూయిస్ టిఫనీ, జాన్ యంగ్ కలిసి బ్రాడ్‌వేలో కొట్టు తెరిచినప్పుడు వజ్రాలు ఎక్కడివి? ఉన్నవల్లా స్టేషనరీ, ఫ్యాన్సీ సామాన్లు, మీరూ. వచ్చినవాడి కోటు చూసి రేటు చెప్పే రోజుల్లో, ప్రతి వస్తువు మీదా ఒకే ధర రాసి "బేరాల్లేవు" అని కూర్చున్నారు. బయటేమో బ్యాంకులు కుప్పకూలుతున్నాయి. మొదటిరోజు గల్లాపెట్టెలో పడింది 4 డాలర్ల 98 సెంట్లు. అయినా మీరు ఒక్క సెంటు దిగలేదు. మీ గుండె ధైర్యానికి ఒక దండం.

మీ అసలు సత్తా తెలియాలంటే మాత్రం 1858 నాటి కేబుల్ ముక్కను చూడాలి. అట్లాంటిక్ సముద్రం అడుగున టెలిగ్రాఫ్ తీగ వేశారు, విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షుడికి సందేశం పంపింది, ఊరంతా సంబరాలు. మీ వాళ్లు మిగిలిపోయిన తీగను కొనేసి, నాలుగేసి అంగుళాల ముక్కలు కోసి, రెండు చివర్లా ఇత్తడి పొన్నులు తొడిగి, మధ్యలో ఓ పట్టీ బిగించారు. దాని మీద "గ్యారంటీ: టిఫనీ అండ్ కో" అని చెక్కించారు. ముక్క యాభై సెంట్లు. సముద్రంలో ఉన్న అసలు తీగ కొన్ని వారాలకే మూగబోయింది. గ్యారంటీ దేనికిచ్చారండీ? తీగే అని గ్యారంటీ, పనిచేస్తుందని కాదు. ఈ తేడా పట్టుకున్నవాడు వ్యాపారంలో ఎందుకు చెడిపోతాడు!

ఒక్కసారి మాత్రం మీ నోట తప్పు అంకె వచ్చింది. 1870ల తొలినాళ్లలో ఆర్నాల్డ్, స్లాక్ అనే ఇద్దరు మోసగాళ్లు అమెరికా పడమటి కొండల్లో వజ్రాల గని దొరికిందని కథ అల్లారు. నమూనాగా వాళ్లిచ్చిన రాళ్లు చార్లెస్ టిఫనీ గారి ముందుకొచ్చాయి. ఆయన వెలుగులో పెట్టి చూశారు, పరీక్ష చేయించారు, లక్షా యాభై వేల డాలర్లు అన్నారు. ఆ మాట నమ్మి పెద్దపెద్ద వాళ్లు డబ్బు పెట్టారు. చివరికి క్లారెన్స్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త వెళ్లి చూస్తే, అవి ఎక్కడినుంచో కొనుక్కొచ్చి అక్కడ చల్లిన ముడి రాళ్లు. సానపట్టని రాళ్లతో మాకు అలవాటు లేదని తర్వాత మీ వాళ్లు సర్దిచెప్పుకున్నారు. నిజమే పాపం, డబ్బాలోకి ఎక్కాక అయితే ఇట్టే చెప్పేసేవారు.

ఇంకో చిన్న సందేహం. అమ్మేటప్పుడు బేరం మహాపాపం కదా, మరి కొనేటప్పుడు? 1848లో పారిస్‌లో రాజు గద్దె దిగి వజ్రాల ధరలు పడిపోతే, పారిపోతున్న ప్రభువుల దగ్గర నగలు కొన్నారు. 1887లో ఫ్రాన్స్ ప్రభుత్వం, మళ్లీ రాజులెవరూ తల ఎత్తకూడదని రాజకుటుంబం నగలు వేలం వేస్తే, 24 లాట్లు పాడుకొచ్చారు. ఆ పాటలో ఎవరైనా మీలాంటి చీటీ పట్టుకుని "ఇంతే, తగ్గేది లేదు" అని ఉంటే ఏం చేసేవారో!

(డబ్బా సంగతి వదిలేస్తున్నా. దాని నీలం రంగును కూడా 1998లో ట్రేడ్‌మార్క్ చేయించుకున్నవాళ్లతో మనకెందుకు గొడవ.)

అసలు విషయానికొస్తాను. 2019లో ఫ్రాన్స్‌నుంచే బెర్నార్ ఆర్నో గారి లగ్జరీ వస్తువుల కంపెనీ ఎల్‌వీఎంహెచ్ మీ షాపులో కాలుపెట్టింది. హారం కోసం కాదు, షాపు కోసమే. షేరుకు 135 డాలర్లు, మొత్తం 1,620 కోట్ల డాలర్లు అని మాటైంది. ఇంతలో కరోనా. 2020 సెప్టెంబర్‌లో వాళ్లు "మా ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి లెటర్ రాశారు, ఆగమంటున్నారు, కొనడం కుదరదు" అన్నారు. మీరు అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో కోర్టుకెక్కారు. అటు కేసు, ఇటు ఎదురు కేసు. చివరికి అక్టోబర్‌లో 131 డాలర్ల 50 సెంట్లకు తెగింది. షేరుకు మూడున్నర డాలర్ల తగ్గింపు! నూట ఎనభై ఏళ్ల పైచిలుకు వయసులో, అందరూ చూస్తుండగా, మీ మెడలో కట్టిన మీ చీటీనే కొట్టేసి కింద కొత్త అంకె వేశారు. 2021 జనవరిలో డీల్ పూర్తయింది. కేసులు వదిలి ఒక్కటయ్యారు, బాగుంది.

నాది పెద్ద కోరికేం కాదు. ఒక వెండి గొలుసు చూసుకున్నాను. అందులో మూడున్నర డాలర్లు తగ్గించండి చాలు. మా విదేశాంగ శాఖనుంచి లెటర్ తెచ్చుకోవాలంటే తెస్తాను. ఏ కౌంటర్‌లో ఇవ్వాలో, ఒరిజినల్ కావాలో, జిరాక్స్ సరిపోతుందో కాస్త తెలియజేయగలరు.

ఇట్లు,
బేరం అడగడానికి మొన్నటిదాకా మొహమాటపడ్డ ఓ కస్టమర్