మా ఋణములు క్షమించుము (వాయిదాలు తప్ప)

పాపక్షమాపణ మీద నాకెలాంటి అభ్యంతరమూ లేదు. నేను అందులో పాత ఖాతాదారుణ్ణి. ఏటా డిసెంబరు 31న వాచ్‌నైట్ ఆరాధనలో, పదకొండు యాభై అయిదుకి, కీబోర్డు కుర్రాడు సన్నగా ఒక స్వరం పట్టుకోగానే నాకు కన్నీళ్లు వచ్చేస్తాయి. ప్లాస్టిక్ కుర్చీ వెనక్కి జరిపి మోకాళ్లూని, ఏడాది పాపాలన్నీ ఐదు నిమిషాల్లో ఒప్పేసుకుంటాను. ఇంత చురుగ్గా పని జరిగే ఆఫీసు ఇంకోటి చూడలేదు.

చిక్కల్లా ఆ తర్వాత అందరం కలిసి చెప్పే ప్రభువు ప్రార్థనతోనే, మత్తయి సువార్త ఆరో అధ్యాయంలోది. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." అక్కడ పాపాలు అని రాసుంటే ఎవరి సొమ్ము పోయేది? సరిగ్గా ఆ మాట దగ్గరే, ఆడవాళ్ల వైపు మూడో వరుసలో మా పిన్ని తెల్లచీర కనిపిస్తుంది. ఆవిడ నడిపే చీటీ నేను రెండో నెలలోనే పాడుకున్నాను. చివరి మూడు వాయిదాలు, పదిహేను వేలు, కట్టలేదు. సంగతంతా దేవుడికి చెప్పుకున్నాను. ఆయన క్షమించాడు కూడా. మళ్లీ పిన్నికి విడిగా చెప్తే దేవుడి మీద నమ్మకం లేనట్టు కాదూ?

ఈ విషయంలో బైబిల్లో జక్కయ్య చెడ్డ అలవాటు నేర్పి పోయాడు. యెరికోలో సుంకపు గుత్తదారు. ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తాననీ నిలబడి మరీ చెప్పాడు. యేసు అడగనే లేదు! ఆ లెక్కన నాకు అరవై వేలు, పైన నా బండిలో సగం.

1517లో జర్మనీలో టెట్జెల్ అనే సన్యాసి పాపపరిహార పత్రాలు అమ్మాడు. వచ్చిన డబ్బులో సగం రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి, సగం మైంజ్ ఆర్చిబిషప్ ఫుగ్గర్లనే బ్యాంకర్ల దగ్గర చేసిన అప్పుకి. మార్టిన్ లూథర్ అనే ఇంకో సన్యాసి మండిపడి, దాన్ని ఖండిస్తూ 95 సిద్ధాంతాలు రాశాడు. నేనూ లూథర్ పక్షమే. క్షమాపణకి డబ్బేమిటి, అసహ్యంగా! ఆర్చిబిషప్ అప్పు తీర్చాలనుకున్న సంగతి మాత్రం మా ఇంట్లో ఎత్తను.

ఎన్నిసార్లు క్షమించాలని శిష్యుడు పేతురు అడిగితే "డెబ్బది ఏళ్ల మారులు" అని యేసు జవాబు. ఏళ్లంటే ఏడులు అంటారు పాస్టరుగారు. నేను డెబ్బై సంవత్సరాల గడువని చదువుకున్నాను. పిన్నికి ఇప్పుడు అరవై రెండు.

మొన్న ఆరాధన అయ్యాక పక్క గేటులోంచి జారుకుని ఆటో ఎక్కాను. ఇంటి దగ్గర అరవై ఇస్తే, అర్ధరాత్రి కదా, ఎనభై అన్నాడు. చొక్కా పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఇంతలో వెనక ఆటోలోంచి పిన్ని దిగింది. వాడి చేతిలో ఇరవై పెట్టి, "పోనీలే బాబూ, మావాడే. లెక్కలో రాసుకుంటాలే" అంది.